చేతిలో చెడిపోయిన మిక్సీతో హైదరాబాద్ చూడటం ఎలా

"ఎవలు గావాలె బిడ్డా?"

సీతాఫల్‌మండిలో అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న ఒక పెద్దావిడ నన్ను అడిగిన మాట ఇది. అప్పుడు నా మెడలో కెమెరా ఉంది. ఫోన్లో పన్నెండు చోట్ల జాబితా ఉంది. ఎవరి కోసమూ రాలేదు కాబట్టి "ఊరికే చూద్దామని" అన్నాను. ఆవిడ నన్ను పైకీ కిందికీ చూసి, "ఈడేమున్నది సూడనీకి" అంటూ చిక్కుళ్ల చాట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. తలుపు దగ్గరగా వేసుకుంది కూడా.

మూడు వారాల తర్వాత అదే గల్లీకి చెడిపోయిన మిక్సీ పట్టుకుని వెళ్లాను. ఈసారి నేను నోరు తెరవకముందే ఆవిడే చెప్పింది. "రిపేరా? సక్కగ వోయి ఎడమకు మలుగు. యాపచెట్టు కింద ముసలాయన ఉంటడు. జల్ది చెయ్యడు గానీ మంచిగ చేస్తడు."

తేడా అంతా మిక్సీదే. పని మీద వచ్చిన మనిషికి గల్లీ దారి ఇస్తుంది, చూడటానికి వచ్చిన మనిషిని అనుమానిస్తుంది. అందులో తప్పేం లేదు, మన వీధిలోకి ఎవరైనా కెమెరాతో వస్తే మనమూ అంతే చేస్తాం. ఆ రోజు నుంచి నేను ఈ ఊరిని తిరుగుతున్న పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా హైదరాబాద్ వచ్చినవాళ్లకు పనికొస్తుంది. పదేళ్లుగా ఇక్కడే ఉండి హాస్టల్, ఆఫీసు, మాల్ తప్ప ఇంకేం చూడనివాళ్లకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

1. ముందు ఒక రైలు లైను పట్టుకోండి

చార్మినార్, గోల్కొండ, ట్యాంక్‌బండ్ జాబితాను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఫలక్‌నుమా నుంచి సికింద్రాబాద్ మీదుగా లింగంపల్లి వెళ్లే ఎంఎంటీఎస్ లైను తీసుకోండి. 2003 ఆగస్టులో మొదలైన ఈ లోకల్ రైలంటే ఊళ్లో పెద్దగా గౌరవం లేదు. టైముకు రాదు, సర్వీసులు తక్కువ, మెట్రో వచ్చాక మరీ చిన్నచూపు అయిపోయింది. కానీ మెట్రో పెద్ద రోడ్ల మీద, పైనుంచి పోతుంది. ఎంఎంటీఎస్ చాలాచోట్ల ఇళ్ల వెనకనుంచి పోతుంది. ఆరేసిన బట్టలు, పెరట్లో జామచెట్టు, డాబా మీద ఎండబెట్టిన మిరపకాయలు, పట్టాల పక్కన టెన్నిస్ బంతితో క్రికెట్. ముందుగది కన్నా పెరడు చూస్తేనే ఇల్లు ఎలాంటిదో తెలుస్తుంది కదా.

మొదటిరోజు ఎక్కడా దిగకండి. ఫలక్‌నుమాలో ఎక్కి కిటికీ పక్కన కూర్చుని చివరిదాకా వెళ్లండి. ఉప్పుగూడ, యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ, విద్యానగర్, సీతాఫల్‌మండి, సికింద్రాబాద్, జేమ్స్ స్ట్రీట్, బేగంపేట, భరత్‌నగర్, బోరబండ, హైటెక్ సిటీ, హఫీజ్‌పేట. పాతబస్తీ నుంచి ఐటీ దాకా మొత్తం ఊరు ఒకే టికెట్ మీద దాటిపోతుంది. ఉదయం ఆఫీసు వేళ మాత్రం వద్దు, హైటెక్ సిటీ దాకా పక్కవాడి బ్యాక్‌ప్యాక్ తప్ప ఏమీ కనిపించదు. పదిన్నర తర్వాత ఎక్కండి.

తర్వాతి రోజుల్లో రోజుకు ఒక్క స్టేషన్ చాలు, దిగి అటూ ఇటూ కిలోమీటరు నడవండి. రెండో స్టేషన్ కూడా చూసేద్దామని టెంప్ట్ అవుతారు. అవ్వకండి.

2. చేతికి ఒక పని చూసుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

ఇంట్లో ఒకసారి తిరిగి చూడండి. పిడి ఊగే కుక్కర్, ఊచ విరిగిన గొడుగు, మొద్దుబారిన కత్తిపీట, ఉండలు కట్టిన దూది దిండు, ఆగిపోయిన గోడ గడియారం, కళాయి పోయిన ఇత్తడి గిన్నె. వీటన్నిటికీ ఆన్‌లైన్‌లో కొత్తవి దొరుకుతాయి, నిజమే. కానీ వీటిలో ప్రతి ఒక్కటీ మిమ్మల్ని ఒక పేటలోకి తీసుకెళ్లే టికెట్ లాంటిది. ఏ స్టేషన్‌లో దిగాలో కూడా ఆ వస్తువే చెబుతుంది.

మోటారు, పంపు, నట్లు, బోల్టులు, ఇనుప సామాను లాంటి పని ఉంటే జేమ్స్ స్ట్రీట్‌లో దిగి రాణిగంజ్ వెళ్లండి. నేను ఒకసారి పాత కుర్చీకి ఒక్క బోల్టు కోసం వెళ్లాను. మొదటి దుకాణంలో చేతిలోకి తీసుకుని చూసి "ఇది మనది కాదు" అని ఇంకో దుకాణం చూపించారు. అక్కడినుంచి మూడో దుకాణం. ఒక్కో దుకాణం ఒక్కో రకం సామానుకే ఎలా పరిమితమో, ఎవరి దగ్గర ఏముంటుందో అందరికీ నోటికి ఎలా తెలుసో, ఆ గంటలో తెలిసింది. చివరి దుకాణాయన బోల్టుకు డబ్బులు తీసుకోలేదు. ఒక్కటి అమ్మడం లెక్క రాయడానికే దండగట.

చిన్న ఎలక్ట్రానిక్ విడిభాగాలైతే కోఠిలోని గుజరాతీ గల్లీ. ఇత్తడి, రాగి సామానుకైతే చార్మినార్ దగ్గరి కసరట్టా వైపు అడగండి. పెళ్లి కార్డో విజిటింగ్ కార్డో అచ్చు వేయించాలంటే ఛత్తా బజార్. పాత పుస్తకాలకు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్. పాత పనిముట్లు, పాత బూట్లు, అసలు ఏమిటో తెలియని ఇనుప వస్తువులు చూడాలంటే ఆదివారం ఎర్రగడ్డ, గురువారం జుమేరాత్ బజార్. ఈ రెండుచోట్లా బిల్లు లేని ఫోన్ మాత్రం కొనకండి. అది ఎవరి జేబులోంచి వచ్చిందో తేలేసరికి స్టేషన్ మెట్లెక్కాల్సి రావచ్చు, రైల్వే స్టేషన్ కాదు.

ఇక మిక్సీ సంగతి. వేపచెట్టు కింద ముసలాయన నా మిక్సీని బోర్లించి, నాలుగు స్క్రూలు తీసి, లోపల ఒకసారి ఊది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "కార్బన్ బ్రష్‌లు అరిగినయ్. కాలిన వాసన లేదు, మోటారు మంచిగనే ఉంది." బ్రష్ అంటే చిటికెనవేలి గోరంత నల్ల ముక్క. కొత్తదాని పక్కన నాది పెట్టి చూపించాడు, సగం కూడా లేదు. పని పది నిమిషాలే అయినా ముందు రెండు మిక్సీలు ఉండటంతో గంటన్నర కూర్చున్నాను. ఆ గంటన్నర కోసమే వెళ్లాలి అని నాకు అర్థమైంది అక్కడే.

ఆయన మాటల్లో తేలిందేమిటంటే, ఆయనకు క్యాలెండర్ అక్కర్లేదు. మే నెలలో వచ్చే మిక్సీలన్నీ ఆవపిండి వాసన వేస్తాయి. ఆవకాయల కోసం ఆవాలు, మెంతులు ఆపకుండా తిప్పి మోటారు కాలుస్తారు. రంజాన్ నెలలో వచ్చేవాటి జార్లలో అల్లం వెల్లుల్లి. దసరా ముందు, సంక్రాంతి ముందు గిరాకీ. ఆషాఢంలో బోనాల వారం పేటంతా చుట్టాలే, ఒక్కరోజులో అయిదు జార్లకు కప్లర్లు మార్చిన సంగతి చెప్పాడు. ఆ పేటలో ఎవరుంటారు, ఏం వండుకుంటారు, ఎప్పుడు వండుకుంటారు అన్నది నాకు ఏ మ్యూజియంలోనూ ఇంత బాగా తెలియలేదు.

పని లేకుండా పోవాల్సి వస్తే కనీసం ఏదైనా కొనండి. పావుకిలో పచ్చిమిర్చి అయినా సరే.

3. పేరెలా వచ్చిందో అడగండి

హైదరాబాద్ పేటల పేర్లలోనే సగం కథ ఉంటుంది. బౌలి అంటే బావి. పుత్లీబౌలి, దూద్‌బౌలి, రేతిబౌలి, గచ్చిబౌలి అన్నీ నీళ్ల గుర్తులే. కుంట అంటే చెప్పక్కర్లేదు, వాన పడ్డప్పుడు అక్కడివాళ్లకు ఆ పేరు తప్పకుండా గుర్తొస్తుంది. గంజ్, మండీ అంటే టోకు బేరాలు. గూడలు, పల్లెలు ఒకప్పుడు నిజంగా విడి ఊళ్లే. బావి ఎలా ఉండేదో కళ్లారా చూడాలంటే సికింద్రాబాద్ వైపు బన్సీలాల్‌పేట మెట్లబావికి వెళ్లండి. చెత్తతో పూడిపోయిన దాన్ని తవ్వి బాగుచేసి 2022 డిసెంబర్‌లో తెరిచారు.

కొన్ని పేర్లు వేషం మార్చుకున్నవి. బార్కస్ అంటే బ్యారక్స్. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. ఫలక్‌నుమా స్టేషన్ నుంచి ఆటోలో వెళ్లి లుంగీ కొనుక్కోండి, పొద్దున్నే వెళితే గోధుమలు, మాంసం కలిపి మెత్తగా ఉడికించే హరీస్ తినండి. ఏసీ గార్డ్స్‌లో ఏసీ అంటే చల్లగాలి యంత్రం కాదు, ఆఫ్రికన్ కావల్రీ. నిజాం ఆశ్వికదళంలో చేరిన, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల వారసుల పేట అది. మన పెళ్లి ఊరేగింపుల్లో వినిపించే మర్ఫా దరువు వచ్చింది ఈ ఇద్దరి దగ్గర నుంచే. మూసారాంబాగ్‌లో మూసా లేడు, రాముడూ లేడు. ఫ్రెంచి సైనికాధికారి మూస్యూ రేమండ్ జనం నోట్లో నానీ నానీ అలా అయ్యాడు. 1798లో చనిపోయిన ఆయన సమాధి మలక్‌పేట దగ్గర ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది.

ఇవన్నీ ఫోన్లోనూ దొరుకుతాయి. అయినా కిరాణా కొట్టాయన్ని అడగండి. ఆయన చెప్పే కథ చరిత్ర పుస్తకంతో కలవకపోవచ్చు, వాదించకండి. జనం తమ పేట గురించి ఏం నమ్ముతున్నారో తెలుసుకోవడమూ ముఖ్యమే.

4. మాట కలపడం

వరసలు సరిగ్గా పెడితే సగం పని అయినట్టే. పాతబస్తీలో పెద్దవాళ్లను చాచా అనండి, మీ ఈడువాళ్లను భాయ్. సీతాఫల్‌మండి, చిలకలగూడ వైపు అన్నా, అక్కా, పెద్దమ్మా. ఎక్కడైనా "ఎక్స్‌క్యూజ్ మీ" అంటే ఎదుటివాళ్లు బిగుసుకుపోతారు, సర్వేకు వచ్చారనుకుంటారు.

ఉర్దూ రాదని భయం వద్దు. దక్కనీలో హౌ అంటే అవును, నక్కో అంటే వద్దు, కైకు అంటే ఎందుకు. ఈ మూడింటితో మొదలుపెట్టండి, మిగతాది చేతులు చూసుకుంటాయి. దుకాణదార్లలో చాలామందికి తెలుగు వస్తుంది, మీ దక్కనీ విని జాలిపడి వాళ్లే తెలుగులోకి వస్తారు. ఒక్క హెచ్చరిక: ఇక్కడ "పరసోం" అంటే మొన్న కావచ్చు, పోయినేడాది కావచ్చు, పదేళ్ల కిందట కూడా కావచ్చు. "పరసోం ఇక్కడ సినిమా హాలు ఉండె" అన్నారని వెతుక్కుంటూ పోకండి.

"ఈ ప్రాంతం చరిత్ర చెప్తారా" అని మొదలుపెడితే ఎవరికీ ఏమీ గుర్తురాదు. పని గురించి అడగండి. గిరాకీ ఎప్పుడు ఎక్కువ? ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఈ దుకాణం ముందు ఇక్కడ ఏముండేది? మూడో ప్రశ్నకు వచ్చేసరికి పక్క దుకాణాయన కూడా కుర్చీ జరుపుకుని వస్తాడు, వచ్చి మొదటాయన చెప్పిందంతా తప్పంటాడు. అప్పుడు మీరు మాట్లాడక్కర్లేదు, చాయ్ చెప్పండి చాలు.

5. ఒక పూట నడక: డబీర్‌పురా

పద్ధతి ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణ. పని: వంద విజిటింగ్ కార్డులు. దిగాల్సింది డబీర్‌పురా. రోజు శుక్రవారం కాకూడదు, మధ్యాహ్నం నమాజు వేళ చాలా షట్టర్లు దించి ఉంటాయి. పాతబస్తీ బజార్లు నిద్రలేచేసరికి పదకొండవుతుంది కాబట్టి పదిన్నరకు దిగితే సరిపోతుంది.

స్టేషన్ నుంచి డబీర్‌పురా దర్వాజా వైపు నడవండి. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ కోటగోడ, దానికి 13 దర్వాజాలు ఉండేవి. ఇప్పుడు మిగిలినవి రెండే, ఇదొకటి, పురానాపూల్ దగ్గరిది ఇంకొకటి. ఇక్కడ టికెట్ లేదు, గైడ్ లేడు. కమాను కిందనుంచి ఆటోలు, స్కూటర్లు, తోపుడుబళ్లు పోతూనే ఉంటాయి. పక్కకు జరిగి ఓ పది నిమిషాలు నిలబడండి. కట్టడానికి కావలి వద్దు, జనం వాడుతుంటే చాలు అనిపిస్తుంది నాకు. మన పురావస్తు శాఖ వాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

అదే పేటలో బీబీ కా అలావా అనే మొహర్రం ప్రార్థనాస్థలం ఉంది. మొహర్రం పదో రోజున బీబీ కా అలం అనే పవిత్ర ధ్వజం ఏనుగు మీద ఊరేగింపుగా బయల్దేరేది ఇక్కడినుంచే. ఆ రోజుల్లో వెళితే నల్లబట్టలు, మౌనం, సంతాపం. అది వేడుక కాదు, సెల్ఫీలు అసలే వద్దు.

దారుల్‌షిఫా, పురానీ హవేలీ మీదుగా ఛత్తా బజార్‌కు నడుచుకుంటూ రండి. నిజాం మ్యూజియం కనిపిస్తుంది, అది ఇంకో రోజుకు. ఛత్తా బజార్‌లో రెండువైపులా అచ్చు దుకాణాలు, గోడల నిండా పెళ్లి కార్డులు. ఒకప్పుడు ఉర్దూ కార్డులను కాతిబులు కలంతో రాసేవాళ్లు, ఇప్పుడు ఎక్కువగా కంప్యూటరే. నా కార్డు కంపోజ్ చేసిన కుర్రాడు నా పేరు ఉర్దూలో ఎలా ఉంటుందో చూస్తారా అని అడిగి, నస్తాలిఖ్ అనే వాలు లిపిలో పెట్టి స్క్రీన్ నా వైపు తిప్పాడు. అక్షరాలు కుడి నుంచి ఎడమకు మెట్లు దిగుతున్నట్టు ఒకదానిమీద ఒకటి వాలి ఉన్నాయి. నా పేరే, నాకు చదవరాలేదు. "వెనకవైపు ఇది కొట్టమంటారా?" అన్నాడు. కొట్టమన్నాను.

కార్డులు అచ్చయ్యేలోపు రెండు గంటలుంటాయి. ఓపిక ఉంటే అఫ్జల్‌గంజ్ దాకా వెళ్లి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు చూడండి. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో దాదాపు 150 మంది దాని కొమ్మలు పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నారు. ఇంకో రోజు కాచిగూడ వైపు వెళ్లినప్పుడు ఎండ ఎక్కువైతే సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గుర్తుపెట్టుకోండి. తెలుగు చదువుకునేవాళ్ల కోసం 1901లో పెట్టిన గ్రంథాలయం అది.

6. చేయకూడనివి

ఫోటో చివర్లో, అడిగి. మనిషిని కాకుండా పనిని తీయండి, చాలామంది సంతోషంగా చేతులు చూపిస్తారు. ఇళ్లలోకి, బాల్కనీల్లోకి కెమెరా ఎత్తకండి.

అడ్డాల దగ్గర మరీ జాగ్రత్త. బోరబండ, కూకట్‌పల్లి వైపు తెల్లవారేసరికి తాపీలు, పారలు, రంగుల బ్రష్‌లు పట్టుకుని కూలీలు నిలబడి ఉంటారు. పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. ఎవరైనా ఆగితే పని దొరికిందని పదిమంది చుట్టూ మూగుతారు. చూడటానికి ఆగడమంటే వాళ్ల ఆశతో ఆడుకోవడమే. ఇంట్లో నిజంగా గోడ కట్టించాల్సి ఉంటే వెళ్లండి, కూలి బేరమాడకండి.

అలాగే రిపేరు డబ్బుల దగ్గర పది రూపాయలకు గీచిగీచి బేరం వద్దు, మీరు గంటన్నర వాళ్ల కుర్చీలో కూర్చున్నారు. ఎక్కువిచ్చి దానం చేసినట్టు మొహం పెట్టడమూ వద్దు.

ఎండాకాలం ఏడింటికే బయల్దేరండి, పాతబస్తీ బజార్లయితే సాయంత్రానికి మార్చుకోండి. రాణిగంజ్‌కు ఆదివారం వెళ్లకండి. ఆదివారం ఎంఎంటీఎస్‌ను కూడా నమ్ముకోవద్దు, ఎర్రగడ్డకు మెట్రో ఉంది. తెలంగాణ మహిళలకు 2023 డిసెంబర్ నుంచి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కాబట్టి పట్టాలు లేనిచోటికి వాటిని వాడుకోండి, ఆధార్ దగ్గర పెట్టుకోండి. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు మొదటిసారి ఒక స్నేహితురాలితో పగటిపూట వెళ్లి, దారులు తెలిశాక ఒంటరిగా తిరిగితే టెన్షన్ ఉండదు.

7. మళ్లీ వెళ్లండి

ఒక్కసారి చూసిన పేట, చూడని పేట ఒకటే. రెండోసారి వెళ్లడానికి తేలిక ఉపాయం ఒకటుంది: వస్తువు అక్కడే వదిలి రండి. "రేపు రండి" అంటారు. రేపటికి అవ్వదు. ఆ తర్వాత గురువారం అంటారు. చిరాకు పడకండి, మీకు కావాల్సింది అదే.

చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ఇంటికొచ్చాక మూడే రాయండి: ఎవరితో మాట్లాడాను, ఏం పని చేస్తారు, ఏం చెప్పారు. కట్టడాల గురించి రాయకండి, అవి ఎక్కడికీ పోవు. ఏడాది తర్వాత నా నోట్‌బుక్‌లో తెరిచి ఉన్న దుకాణాల కన్నా మూతబడ్డ దుకాణాలు ఎక్కువ కనిపించడం మొదలైంది. గడియారాలు బాగుచేసే ఒకాయన చోట ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. ఆయన ఎటు వెళ్లాడో పక్క దుకాణంలో అడిగితే, "పరసోం ఖాళీ చేసిండు" అన్నారు.

సీతాఫల్‌మండి ముసలాయన మాత్రం ఉన్నాడు. పోయిన మే నెలలో వెళ్లేసరికి ఆయన ముందు ఏడు మిక్సీలు, చుట్టూ ఆవపిండి ఘాటు. తల ఎత్తకుండానే "ఏం తెచ్చినవ్?" అన్నాడు. ఏమీ తేలేదు, ఊరికే వచ్చానన్నాను. స్టూలు కాలితో నా వైపు నెట్టాడు.

ఇంట్లో కుక్కర్ పిడి ఊగుతోంది. దాన్ని ఈ వారం జేమ్స్ స్ట్రీట్ వైపు తీసుకెళ్లాలి.